తమ్ముని దినానికి స్టార్ హోటల్ బాతు

హైదరాబాద్‌ల పెద్ద హోటల్ చైనీస్ రెస్టారెంటుకు ఎట్ల పోవాలె, ఎంతైతది, ఏం తినాలె అని తెలుసుకుందామని ఈ పేజీ తెరిచినోళ్లకు ముందే చెప్తున్న, నేను ఆడికి సరదాకు పోలేదు. మా తమ్ముడు నవీన్ చనిపోయి అప్పటికి పది దినాలు. ఇరవై ఏడేండ్లోడు, పెండ్లి కూడ కాలేదు. భూపాలపల్లి దిక్కు బొగ్గు గనుల మీద టిప్పర్ నడిపేటోడు. జ్వరమొచ్చింది, రెండు దవాఖానలు తిప్పినం, ప్లేట్‌లెట్లు పడిపోయినయన్నరు. వారం తిరగకముందే అంబులెన్సుల ఇంటికి తెచ్చుకున్నం.

మా తల్లిగారిల్లు రేగొండ పక్కన చిన్న ఊరు. ఆడ మూడోనాడు పిట్టకు పెట్టినం. తెలియనోళ్లుంటరు కాబట్టి చెప్తున్న. మా దిక్కు చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకుల వడ్డించి, పాతిపెట్టిన బొంద కాడ పెట్టి అందరం దూరం జరుగుతం. కాకి వచ్చి ముట్టిందంటే ఆ మనిషి తృప్తిగ పోయినట్టు. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలినట్టు. నవీన్‌కు మటన్ పెట్టినం, కల్లు పెట్టినం, ఉడుకబెట్టిన గుడ్లు, వాడు వారం వారం తినే బండి నూడుల్స్ కూడ తెచ్చి పెట్టినం. కాకులు కరెంటు తీగ మీద కూసొని చూసినయి గని ఒక్కటన్న కిందికి దిగలేదు. ఎండ ముదిరినంక ఎవరో "ఇగ చాలు, నడువుండ్రి" అన్నరు.

ఇంటికొచ్చినంక అమ్మ ముద్ద ముట్టలేదు. "నా కొడుకు ఆకలితోని పోయిండు. వానికేదో మిగిలింది" అనుకుంట ఒకటే ఏడుపు. చుట్టాలు పక్కాలు, వాని దోస్తులు, ఎవరొచ్చినా అడుగుడే, ఏమన్న కావాలన్నడా, ఎప్పుడన్న చెప్పిండా అని. నన్ను గూడ పట్టుకొని అడిగింది. అప్పుడు నా నోట్లకెళ్లి ఊరికెనే వచ్చింది, బాతు అని. వాడు అన్నం తినేటప్పుడు ఫోన్ల తిండి వీడియోలు చూసేటోడు. ఒక స్టార్ హోటల్ల ఎర్రగ కాల్చిన బాతును బండి మీద తోసుకొచ్చి, మన ముందట్నే కోసి పెడ్తరు. ఆ వీడియో నాకు ఎన్నిసార్లు పంపిండో లెక్క లేదు. "అక్కా, ఒక్కసారి పోదమే. నేనే తినిపిస్త నీకు" అనేటోడు. ఆ మాట విన్నదో లేదో అమ్మ లేచి కూసున్నది. "తేవే బిడ్డా. పదకొండోనాటికి తే. నీ కాళ్లు మొక్కుత" అన్నది. కన్నతల్లి కాళ్లు మొక్కుతనంటే ఎవరన్న కాదంటరా?

కర్మ చేసేది మా బాపు, ఆయన ఊరు దాటొద్దు. నేను పెండ్లయిన ఆడబిడ్డను, నాకు మూడు దినాల మైలే. అందుకే నేనే బయల్దేరిన. ముందుగాల ఆ హోటల్‌కు ఫోన్ చేసిన. బాతు ఒకరోజు ముందే చెప్పాలన్నరు. పార్శిల్ ఇస్తరా అంటే, ఇది టేబుల్ దగ్గర కూర్చొని తినాల్సిన వంటకం మేడమ్, పార్శిల్ ఉండదు, మిగిలితే మాత్రం ప్యాక్ చేస్తం అన్నది ఫోన్ ఎత్తిన పిల్ల. మంచిది, మొత్తం మిగిలిస్త అని మనసుల అనుకొని, తెల్లారికి ఒక బాతు చెప్పిన.

మా ఇల్లు జనగామల. ముందురోజు రాత్రికే ఆడికి చేరిన. పొద్దున ఎనిమిది దాటినంక సికింద్రాబాద్ పోయే రైలుండె, ఎక్కిన. జనరల్ టికెట్‌కు వంద నోటు కూడ విరగదు, ఆఫీసులకు పోయేటోళ్లతోని నిలవడనీకె జాగ ఉండదు గని గంటన్నర, రెండు గంటలల్ల దిగుతరు. స్టేషన్ కాడ ఆటోకు మూడు వందలు చెప్పిండు, రెండు వందల యాభైకి ఒప్పుకున్నడు. యాప్‌ల పెడితే ఇంకా తక్కువుంటుండె, నాకా తెలివి అప్పుడు లేదు. హోటల్ పేరు చెప్పంగనే ఆటో ఆయన అద్దంల నన్ను మొత్తం చూసిండు.

"ముందట గేటు కాడ దించాల్నా అక్కా, ఎనక పనోళ్ల గేటు కాడనా?" అన్నడు.

"ముందటనే. తినబోతున్న" అన్న. ఒళ్లు మండింది. మళ్ల కిందికి చూసుకుంటే నూలు చీర, చేతుల కొత్త స్టీలు డబ్బా. ఆయన తప్పేముంది?

గేటు కాడ బ్యాగు మిషన్ల పెట్టిచ్చిన్రు. స్టీలు డబ్బా మూత తీసి చూసి, లోపల ఏం లేకుంటే వాళ్లే పరేషాన్ అయిన్రు. లోపల ఒకటే సల్లదనం. రెస్టారెంట్ రెండో అంతస్తుల. మధ్యాహ్నం పన్నెండున్నరకు తెరుస్తరు, ఆ టైములో జనం తక్కువ, రిజర్వేషన్ లేకున్నా జాగ దొరుకుతది. నన్ను కిటికీ పక్క టేబుల్ కాడ కూసోబెట్టిన్రు. ఎదురుంగ ఇంకో కుర్చీ, దాని ముందట గూడ ప్లేటు, గ్లాసు, మడిచిన గుడ్డ. తీసేయమందామనుకున్న, మళ్ల అట్లనే ఉండనిచ్చిన.

వడ్డించే ఆయనకు నలభై దాటుంటయి. తెల్ల చొక్కా, నల్ల కోటు, పుస్తకం చదివినట్టు తెలుగు. చిన్న కప్పుల చాయ్ పోసిండు, అండ్ల పాలుండవు, చక్కెరుండదు. కొంచెం సేపటికి బండి వచ్చింది. వీడియోల ఉన్నట్టే, ఎర్రగ నిగనిగలాడుకుంట. వంట మాస్టర్ పొడుగు టోపీ పెట్టుకొని సన్న కత్తితోని తోలు వేరే, కండ వేరే కోసిండు. పక్కకు కాగితమంత పలుచటి రొట్టెలు, దోసకాయ ముక్కలు, ఉల్లికాడలు, నల్లటి తియ్యటి సాసు. రొట్టెల ఇవన్నీ పెట్టి చుట్టుకొని తినాలట. వాడుంటే ఇప్పటికి ఫోన్ తీసి ఎన్ని ఫొటోలు కొట్టేటోడో!

వడ్డించే ఆయన ఒక తోలు ముక్క మీద ఇంత చక్కెర చల్లి నా ప్లేట్ల పెట్టిండు. "ముందుగా ఇది తీసుకోండి మేడమ్. వేడి మీద తింటేనే బాగుంటుంది."

నేను చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్న. నేను ఒక్క ముక్క నోట్ల పెట్టుకున్నా మొత్తం ఎంగిలైతది. ఎంగిలి పిట్టకు పెట్టొద్దు. ఆయన పక్కకు పోయి నిలవడి, మళ్ల వచ్చి, "నచ్చలేదా మేడమ్?" అన్నడు. నచ్చిందన్న. "మరి తినడం లేదు?" తర్వాత తింటనన్న. ఇంకొంచెం సేపటికి మేనేజర్ వచ్చిండు, ఏమైనా ఇబ్బందా అని ఇంగ్లీషుల అడిగిండు. ఆయన ఎనక టోపీ పెట్టుకున్న మాస్టర్. పాపం ఆయన ముఖం చిన్నగైంది, తన వంటల ఏం తప్పు దొరికిందో అని. ముగ్గురు మొగోళ్లు నా టేబుల్ చుట్టు నిలవడి, నేను ఒక్క ముద్ద తినాలని చూస్తున్నరు. నాకు దుఃఖం ఆగలేదు. ఆ తెల్లగుడ్డ ముఖానికి పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చిన.

"ఇది నాకు కాదన్నా. మా తమ్మునికి. వాడు చనిపోయిండు. రేపు పిట్టకు పెట్టాలె" అన్న.

మేనేజర్‌కు సమజ్ కాలేదు. వడ్డించే ఆయనకైంది. ఆయన వంగి, "ఏ ఊరక్కా మీది?" అన్నడు. పుస్తకం భాష ఏడికి పోయిందో పోయింది.

"రేగొండ దిక్కు."

"మాది మానుకోట." మహబూబాబాద్‌ను మేమందరం అనేది అట్లనే. "మా నాయినకు పెట్టినప్పుడు గిట్లనే గోసయింది. చికెన్ ముట్టలే, మందు ముట్టలే. మా చిన్నాయినకు యాదికొచ్చి బీడీ కట్ట పెడితే అప్పుడొచ్చింది పిట్ట."

"వచ్చిందా అన్నా?" అని ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసిన.

"వచ్చిందక్కా. మీకు గూడ వస్తది."

ప్లేట్ల పెట్టిన ముక్క తీసేసి, మిగిలిందంతా నా డబ్బాల సర్దిచ్చిండు. రొట్టెలు వేరే, సాసు వేరే. "మీరు పొద్దటి సంది ఏం తినలేదు, జర సూప్ తాగుండ్రి" అని బతిమిలాడిండు గని నేను బిల్లు తెమ్మన్న. బిల్లు పన్నులతోని ఐదు వేలు దాటింది. పోయేటోళ్లు ఒక్క బాతుకే అంత పెట్టుకొని పోవాలె, ఇంకేమన్న తాగితే, తింటే వేరే.

అప్పటికప్పుడు ఉప్పల్‌కు పోయి హన్మకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు. జనగామ దాటినం, రఘునాథపల్లి దాటినం, డబ్బా ఒళ్లె నుంచి దించలేదు. పక్క సీటు అవ్వ "ఏం కూర బిడ్డా, మస్తు వాసనొస్తుంది" అన్నది. మా తమ్మునికి ఇష్టమైనదని చెప్పిన. "అదృష్టవంతుడు" అన్నది. అమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది, తెస్తున్నవా, తెస్తున్నవా అని. హన్మకొండల బస్సు మారి, పరకాల మీదికెళ్లి ఊరు చేరేసరికి చీకటి పడ్డది. డబ్బా ఫ్రిజ్‌ల పెట్టినం. అమ్మ ఆ రాత్రి ఇంత అన్నం తిన్నది, చాన దినాలకు.

తెల్లారి అందరం బొంద కాడికి పోయినం. అమ్మనే తన చేతులతోని రొట్టెల బాతు ముక్కలు పెట్టి, నేను చెప్పినట్టు చుట్టి, ఆకుల పెట్టింది. దూరం జరిగినం. ఈసారి కాకులు తీగ దిగినయి. ఒకటి ఆకు కాడిదాంక దుంకుకుంట వచ్చింది. అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది, గాజు నాకు కుచ్చుకున్నది. కాకి తల పక్కకు వంచి చూసింది. చూసి, లేచిపోయింది. మిగిలినవి గూడ దానెంబడే పోయినయి.

అట్లన్న పిట్ట ముడుతదని, నిలవడ్డోళ్లందరు ఒక్కొక్కలు ముందటికొచ్చి నవీన్‌కు మాటిచ్చిన్రు. అమ్మను మంచిగ చూసుకుంటమన్నరు. బాపుకు కొడుకు లెక్క ఉంటనని మా ఆయన అన్నడు. "పిల్లల మీద ఒట్టురా, అమ్మను ఏడ్వనీయ" అని నేనన్న. పిట్ట రాలేదు. అమ్మ మట్టిల కూలబడి, "ఇంకేం కావాల్రా నీకు? ఏం కావాల్నో చెప్పరాదు! అక్క ఏడికన్న పోయి తెస్తది" అని బొందను చేతులతోని కొట్టింది.

ఎనక నిలవడ్డ బాపు దగ్గరికొచ్చి అమ్మ భుజం పట్టుకున్నడు. "తిండి మీద ఏం కోరికుంటదే వానికి? బతకాలనుండె. గది ఏ హోటల్ల దొరుకుతది?" అన్నడు.

ఆ మాటతోని అందరం ఇంటికొచ్చినం. బాతు అట్లనే ఉన్నది ఆకుల. ఇంతకు ముందు ఈ పేజీల ఏ ప్రయాణం రాసినా చివర్న మనసుకు హాయిగ అనిపించిందని ఏదో ఒకటి రాసేదాన్ని. ఈసారి నా దగ్గర ఏం లేదు. అమ్మ అప్పటి సంది నన్ను ఏదీ తెమ్మంటలేదు. అడిగితేనే నయముండె, ఏడికన్న ఉరికేదాన్ని. ఇప్పుడు ఎటు పోవాల్నో తెలుస్తలేదు.

పోదామనుకునేటోళ్లకు పనికొచ్చేది ఒక్కటే చెప్త. బాతు ఒకరోజు ముందు ఫోన్ చేసి చెప్పుకోవాలె, సగం ఇయ్యరు, మొత్తమే తీసుకోవాలె. ఒక్కరితోని అయ్యేది కాదది. ఇద్దరు పోండి.