సైకిలు దిగిన జానీ

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో షేక్ జానీకి సైకిలు షాపు ఉంది. రెండు పంపులు, ఒక నీళ్ళ బేసిను, పైన తాటాకు పందిరి. చేతిలో పని ఉంటేనే అతని నోట మాట వస్తుంది. కొత్తవాళ్ళకు అతనొక మెకానిక్కు. పాతవాళ్ళకు మాత్రం ‘దిగినోడు’. "గాలెక్కడ కొట్టించావురా?" అంటే, "ఆ దిగినోడి దగ్గర" అంటారు, అతనికి వినపడేటట్టే.

ఒకప్పుడు అతను సైకిలెక్కితే ఊళ్ళు కదిలొచ్చేవి. నాన్‌స్టాప్ సైకిలంటే అప్పట్లో జనానికి అంత పిచ్చి. ఖాళీ జాగాలో గుండ్రంగా తాడు కడతారు, మైకు పెడతారు. లోపల ఒక మనిషి మూడు రోజులో అయిదు రోజులో దిగకుండా తిరుగుతూనే ఉంటాడు. అన్నం దాని మీదే, స్నానం దాని మీదే, గడ్డం గీసుకునేదీ దాని మీదే. మిగతా పనులెట్టా అని అందరూ అడుగుతారు. జానీ నవ్వి ఊరుకుంటాడు. ఆట పెట్టించేదీ, మైకు పట్టుకునేదీ మస్తాన్‌రావు. "ఇతనికున్నవి కాళ్ళు కావు బాబూ, పిస్టన్లు! ఎవరికన్నా అనుమానముంటే లోపలికొచ్చి గిల్లి చూసుకోండి!" అనేవాడు. ఒకటి రెండు ఊళ్ళలో నిజంగానే వచ్చి గిల్లారు.

ఆ ఆటకు ఒక కట్టుబాటుంది. కాలు నేలకు తగిలితే ఆట చెల్లదు. కాని తొక్కేవాడికి ఒంట్లో బాగా లేకపోతే, సైకిలు నేలన పడకముందే అదే ఇంటివాడు, అన్నో తమ్ముడో, అందుకుని ఎక్కితే మాత్రం చెల్లుతుంది. అందుకే జానీ ఎక్కడ తొక్కినా తమ్ముడు మౌలాలీ తాడు లోపలే ఉండేవాడు, నీళ్ళందిస్తూ, జోకులేస్తూ. ఇరవై నాలుగేళ్ళవాడు. అన్నకంటే బలమైనవాడు.

రొంపిచెర్లలో మూడు రోజులు తొక్కి దిగినప్పుడు జానీకి మొదటిసారి గుండె తడబడింది. "చైను వదులైన సైకిలు తొక్కితే పళ్ళ మీద జారి మళ్ళీ టక్కున పట్టుకుంటది చూడండి, అట్టా" అన్నాడు నాతో, నా సైకిలు ట్యూబు విప్పుతూ. రెండు మాట్లు జారింది. కూర్చుంటే సర్దుకుంది. అతను మర్చిపోయాడు.

నాదెండ్లలో అయిదు రోజులు తొక్కాడు. దిగి కూర్చున్నా ఆ జారడం ఆగలేదు. గుండె పరుగెత్తుతుంది, ఆగినట్టవుతుంది, మళ్ళీ పరుగెత్తుతుంది. కళ్ళ ముందు చీకటి కమ్మింది.

"ఎండదెబ్బ! మజ్జిగ తాపండి" అన్నాడు మస్తాన్‌రావు.

జానీ భార్య సాబిరా ఆ మాట వినలేదు. మొగుణ్ణి బస్సెక్కించి పేట గవర్నమెంటాసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూశాడు, గుండె విన్నాడు.

"చూడు జానీ, పరుగెత్తినాక, బరువు మోసినాక గుండె ఒకటి రెండు దెబ్బలు తప్పితే, కూర్చున్నాక సర్దుకుంటే కంగారు పడనక్కర్లేదు. కూర్చున్నా తగ్గలేదనుకో, కళ్ళు తిరిగినయ్యనుకో, ఛాతీ నొప్పో ఆయాసమో వచ్చిందనుకో, అప్పుడిక ఆలోచించొద్దు. చేసే పని అక్కడే ఆపి ఆసుపత్రికి రా. మీ ఇంట్లో చిన్నవయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళున్నారా?"

"మా నాయనండి. అలీ సాహెబ్. రైల్వే గూడ్సులో బస్తాలు మోసేవాడు. ముప్పై ఎనిమిదో ఏట బస్తా దించి కూర్చున్నాడు, లేవలా. ఎండదెబ్బన్నారు."

"ఏ నెలలో?"

జానీ ఆలోచించాడు. "పుష్యమాసమండి."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇది ఇంటి జబ్బు కావచ్చు. గుంటూరు పోయి గుండె పరీక్ష చేయించుకో. అప్పటిదాకా సైకిలు తొక్కొద్దు. తోడబుట్టినవాళ్ళుంటే వాళ్ళనీ తీసుకురా."

జానీ తలూపాడు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. సాబిరా చేత కూడా చెప్పనని ఒట్టేయించుకున్నాడు. మాచర్లలో ఏడు రోజుల ఆటకు అప్పటికే గోడల మీద కాగితాలు అంటించేశారు. మస్తాన్‌రావుకు తెలిస్తే ఆట ఆపేస్తాడు, మౌలాలీకి తెలిస్తే అసలు ఎక్కనివ్వడు. "ఈ ఒక్కటీ తొక్కి గుంటూరు పోదాంలే అనుకున్నా" అన్నాడు, పంక్చరు మీద ఆకురాయి రుద్దుతూ.

మాచర్లలో అయిదో రోజు పొద్దుటిపూట గుండెలో చైను జారడం మొదలైంది, ఈసారి సీటు మీద ఉండగానే. తాడు పక్కనున్న మొహాలన్నీ అతని కళ్ళకు నల్లబడిపోయాయి. డాక్టరు మాట గుర్తొచ్చి కాలు దించాడు. చేతుల్లోంచి సైకిలు ఒరుగుతుంటే మౌలాలీ ఎగిరొచ్చి హ్యాండిల్ పట్టుకుని ఎక్కేశాడు. అతను చేసింది కట్టుబాటు ప్రకారమే. ఆలోచించడానికి అక్కడ టైము లేదు.

జనం అరిచారు. "ఏందిరోయ్, పిస్టన్లకు తుప్పు పట్టిందా?" "పెళ్ళాం గుర్తొచ్చి ఉంటది లేరా!"

జానీ తాడు పట్టుకుని నిలబడ్డాడు. "మౌలాలీ, దిగరా. నీకు చెప్పాల్సిన మాటొకటుంది."

"నువ్వు ఆసుపత్రికి పో భాయ్. రెండు రోజులేగా, నేను చూసుకుంటా."

సాబిరా ఒట్టు పక్కన పెట్టి సైకిలు వెంట నడుస్తూ అంతా చెప్పింది, నాయన సంగతి, డాక్టరు సంగతి. మౌలాలీ మొహం మాడిపోయింది. "ఇంత తెలిసి మీ ఆయన ఎట్టా ఎక్కాడు భాబీ? ఆయన ఎక్కినప్పుడు లేని భయం నాకెందుకు? ఇప్పుడు నేనూ దిగితే మన ఇంటి మొగోళ్ళ మొహాన ఉమ్మేస్తారు."

ఆ రెండు రోజులూ జానీ ఆసుపత్రి నుంచి లేచి వస్తూనే ఉన్నాడు. అక్కడి డాక్టరు మాత్ర ఇచ్చి పడుకోమంటే కాసేపు పడుకుంటాడు, మళ్ళీ తాడు దగ్గరికొచ్చి బతిమాలతాడు. చూసేవాళ్ళకు అదొక వేడుకైంది. "తమ్ముడికి పేరొస్తదని కళ్ళల్లో నిప్పులు పోసుకుంటన్నాడు చూడండి!" మస్తాన్‌రావు కూడా మైకు వదల్లేదు. "అన్న దిగినా తమ్ముడు దిగడు బాబూ! అన్నగారూ, కాస్త పక్కకు జరగండి, జనానికి కనపడాలి!"

ఏడో రోజు మధ్యాహ్నం మౌలాలీ దిగాడు. మెడనిండా దండలేశారు, భుజాలకెత్తుకున్నారు. జానీ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. నాడి చిందరవందరగా కొట్టుకుంటోంది.

"గుండె ఎట్టా ఉందిరా?"

"కొంచెం జారతంది భాయ్. కళ్ళు తిరుగుతన్నయ్."

"ఆసుపత్రికి పోదాం పద. దించండయ్యా! దించండి!"

"ఊరేగింపు అయినాక పోదాంలే" అని మౌలాలీ, "ముందు ఊరేగనియ్యవయ్యా, నీకెందుకంత ఏడుపు?" అని ఎవరో, ఇద్దరూ ఒకేసారి అన్నారు. డప్పులు మొదలయ్యాయి. జానీని మోచేతులతో వెనక్కి నెట్టారు. రెండు వీధులు దాటాక భుజాల మీద మనిషి ముందుకు వాలాడు. సొమ్మసిల్లాడని నీళ్ళు చల్లారు. ఆసుపత్రి అక్కడికి కూతవేటు దూరమే. తీసుకెళ్ళేసరికి అయిపోయింది.

ఆ తర్వాత జానీ గుంటూరు పోయి పరీక్ష చేయించుకున్నాడు. ఇంటి జబ్బే. మాత్రలిచ్చారు, బరువు పనులొద్దన్నారు. ఇప్పటికి నాలుగేళ్ళు, బాగానే ఉన్నాడు.

మాచర్ల నుంచి పేటకు ఒక మాట వచ్చింది, అతనికంటే ముందే వచ్చింది. అన్న కళ్ళు పడి తమ్ముడు పోయాడని. తాడు పట్టుకుని రెండు రోజులు అట్టా చూస్తే దిష్టి తగలదా అని. తల్లి గుల్షన్‌బీ దాన్ని నమ్మింది. జానీ ఇంట్లోనే ఉంటుంది, అతను తెచ్చిందే తింటుంది, అతని మొహం మాత్రం చూడదు. పొద్దున్నే వాకిట్లో కూర్చుని, "నీ కళ్ళు కాకులు పొడవా, నా బిడ్డను మింగావు కదరా" అని మొదలుపెడుతుంది. జానీ ఆమె కాళ్ళ దగ్గర వేణ్ణీళ్ళ చెంబు పెట్టి షాపుకొస్తాడు.

"ఆమెకు నిజం చెప్పొచ్చుగా? నీ దిష్టి కాదు, జబ్బని?" అన్నాను.

బేసినులో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"జబ్బని చెపితే, నీకెప్పుడు తెలిసిందిరా అని అడుగుద్దండీ."

ట్యూబు పైకి తీసి తుడిచాడు.

"దిష్టేలెండి. దిష్టే అనుకోనీయండి."