రాళ్ల వయసు

మొన్న కోడలితో కలిసి ముత్తంగి దాటాక రోడ్డు పక్కనున్న గ్రానైట్ దుకాణానికి వెళ్లాను. వంటింటి గట్టుకు రాయి కావాలి. దుకాణదారు ఒక తెల్ల పలక చూపించి అసలైన పాలరాయని ప్రమాణం చేస్తున్నాడు. జేబులో ఒక నిమ్మకాయ ఉంటే సంగతి ఇక్కడే తేలిపోయేది కదా అనుకోగానే మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. ఎనభైలలో సంగారెడ్డిలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాడు. రాళ్లు చూడాలంటే గుట్టలెక్కనక్కర్లేదని, ఊళ్లోని అరుగులు, మెట్లు, గడపలు చాలునని ఆయన నమ్మకం. బస్సు కోసం నిలబడ్డా చూపు నేల మీదే. పాత జైలు గోడ దగ్గర ఆగి, రాతిలోని గులాబీ రంగు పలుకులు వేలితో చూపించి, ఇది భూమి లోపల కరిగి తీరిగ్గా చల్లారింది కాబట్టి పలుకులు ఇంత లావున్నాయని చెప్పేవాడు. సదాశివపేట వైపు నుంచి వచ్చిన నల్లరాయి కనబడితే, అది పైకి పొంగి గబగబా చల్లారిన లావా, అందుకే పలుకులు కంటికి ఆనవనేవాడు. జైలు ముందు అంతసేపు నిలబడితే పోలీసులు ఏమనుకుంటారోనని నా భయం నాది. ఇక ఆయన జేబులో ఎప్పుడూ నిమ్మకాయ ఉండాల్సిందే. పాలరాయి మీద, సున్నపురాయి మీద పులుపు పడితే సన్నగా నురగ వస్తుంది, గ్రానైటు మీద రాదు. పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీ సూపర్‌వైజరు గృహప్రవేశానికి పిలిస్తే, అందరూ వ్రతకథ వింటుండగా ఈయన ఓ మూల కొత్త పాలరాతి నేల మీద నిమ్మచెక్క పిండాడు. నురగైతే వచ్చింది గానీ రూపాయి బిళ్లంత మరక మిగిలిపోయింది. ఆ తర్వాత నాకు వరుసగా నైట్ షిఫ్టులే పడ్డాయి. అక్కకు చెబితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మీ బావకు రాయి దొరికిందంటే అన్నం గూడ యాదికి రాదు" అంది, కొంచెం గొప్పగానే.

ఒక ఆదివారం పగటి షిఫ్టు దిగి సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. బావ కూడా అప్పుడే వచ్చాడు. రోడ్డు వెడల్పు చేయడానికి బండలు కొడుతున్నారని తెలిసి తెల్లవారకముందే బయల్దేరాడట, సంచీ నిండా రాళ్లు. లోపల వంటింట్లో అక్క చాప మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడి ఉంది. పక్కన వాము నీళ్ల గ్లాసు. ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు కడుపు నొక్కి చూసి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. బావ నా వంక చూశాడు, నేను బావ వంక చూశాను. పొద్దుననా, మధ్యాహ్నమా, ముందు రోజేనా? డాక్టరు మళ్లీ అడిగాడు. లోపల పేగు పగిలినట్టుంది, బాగా ఆలస్యం చేశారని చెప్పి అక్కను ఆపరేషన్‌కు తీసుకెళ్లారు.

మేమిద్దరం వరండాలో మెట్ల పక్కన కూలబడ్డాం. చేయడానికి ఏమీ లేదు. కాసేపటికి బావ నేలకు అరచెయ్యి ఆనించి మొదలుపెట్టాడు. ఇవి షాబాద్ బండలు, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. ఆ గడప కడప రాయి. ఈ మెట్లు గ్రానైటు. ఎప్పుడూ చెప్పే మాటలే, గొంతులో మాత్రం సంతోషం లేదు. ఆపమందామనుకున్నాను. ఆపితే మనిషి ఏమైపోతాడోనని భయమేసి ఊరుకున్నాను. ఆయన మెట్టును తడుముతూ, "దీనికి రెండొందల యాభై కోట్ల ఏండ్లుంటయిరా" అన్నాడు. తర్వాత చెయ్యి తీసేసుకున్నాడు.

"గది జెప్త గని, మీ అక్కకు నొప్పి ఎప్పుడు లేసిందో నాకెర్క లేదు."

అక్క మర్నాడు మధ్యాహ్నం పోయింది.

బావ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాఠం చెప్పాడు. రాయి పేరు చెప్పేవాడు, ఎలా పుట్టిందో చెప్పేవాడు. వయసు అడిగితే మాత్రం పుస్తకంలో చూసుకొమ్మనేవాడట. కోట్ల ఏళ్లయితే పుస్తకంలో దొరుకుతాయి. అక్క ఒక్కతే ఆ చాప మీద ఎంతసేపు పడి ఉందో ఇన్నేళ్లయినా మాకు తెలియలేదు.