ముప్పై నాలుగు అడుగుల చేదతాడు

మధ్యాహ్నం మూడు గంటల పదహారు నిమిషాలు. నాంపల్లి స్టేషన్‌లో నా బండికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. అప్పట్లో నేను నిజాం సర్కారు సర్వే శాఖలో ఉద్యోగిని. నా చేతిలోని కొలత టేపు చూసి, ఎవరో నడివయసు స్త్రీ ఒక చేదతాడును నా ముందు పెట్టింది.

"జర దీన్ని కొలిచి కాయిదం మీద రాసియ్యున్రి సారూ."

"ఎందుకమ్మా?"

"కులం తక్కువదని నా బిడ్డెను సర్కారు బడి వాకిట్ల కూసోపెడ్తున్రు. నల్లబల్ల కాడికెల్లి అది కూసున్న కాడిదాకా ఈ తాడంత దూరం. ఆబిడ్స్‌ల బడుల దఫ్తర్ల చెప్తే, దూరమంటే ఎంతనే అని నవ్విన్రు."

వెయిటింగ్ హాలులో తాడు పరిచాము. టికెట్ కలెక్టరు గద్దించాడు. "ఏందే, స్టేషన్ నీ ఇల్లనుకున్నవా?"

"మా ఇంట్ల గింత జాగ ఉంటే నేనే బడి పెడ్తుంటి!"

ముప్పై నాలుగు అడుగుల నాలుగు అంగుళాలు. రాసిచ్చాను.

"దస్కతు ఏదీ?"

సర్కారు మీది ఫిర్యాదుతో పోయే కాగితంపై సర్కారు నౌకరు సంతకం చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నా కలం ఆగడం ఆమె చూసింది.

"నువ్వు గూడ వాకిట్లనే కూసుంటవా సారూ?"

హోదాతో సహా సంతకం చేశాను. ఆ పిల్లను లోపల కూర్చోబెట్టారో లేదో నాకు తెలియలేదు. సంతకం వెనక్కి తీసుకోమని పైవారు రెండుసార్లు అడిగారు, తీసుకోలేదు. నాకైన నష్టం: ఒక బండి, రెండేళ్ళ పదోన్నతి.