బొంతకు పనికిరాని ఇస్త్రీ పెట్టె

పెండ్లిచూపుల్లో పిల్లను నడిపించి, పాడించి చూసే పెద్దలను చాలామందిని చూసే ఉంటారు. ఇస్త్రీ పెట్టెకు పెండ్లిచూపులు జరిపించే మనిషిని చూడాలంటే మాత్రం చిక్కడపల్లిలో మనోరమగారింటికే పోవాలి. ఆవిడ పాత చీరల్ని ముక్కలు కోసి బొంతలు కుడతారు. వేసిన కుట్టును ఇస్త్రీతో అణచనిదే ఇంకో ముక్క ముట్టుకోరు. అందుకే ఏ ఇస్త్రీ పెట్టె మీదా ఆవిడకు ఓ పట్టాన నమ్మకం కుదరదు.

"నన్ను పావుగంటల ఒప్పుకున్నది," అనేవారు భర్త రాఘవేందర్‌గారు, పేపరు దించకుండానే. "ఇస్త్రీ పెట్టెకైతే నెల పడతది."

"మీకు గ్యారంటీ కార్డు అడగలె. గప్పుడే బుద్ధొచ్చింది," అనేవారావిడ.

2012లో వాళ్ల మేడ మీది ఓ గదిలోకి నవనీత కిరాయికి దిగింది. సిద్దిపేట దగ్గరి పల్లె పిల్ల. అశోక్ నగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్. పరీక్ష గట్టెక్కడం, ఇంటర్వ్యూలో నోరు పెగలక నీళ్లు నమిలి రావడం ఆ పిల్లకు అప్పటికే అలవాటైపోయింది. గదిలో దిగిన వారానికే మళ్లీ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. "ఇది గూడ కాకుంటే ఇంటికొచ్చెయ్ బిడ్డా," అని తండ్రి కనకయ్య ఫోనులో మెల్లగానే చెప్పాడు. మెల్లగా చెప్పినందుకే నవనీతకు భయం వేసింది.

ఆ పొద్దున డాబా మీద నవనీత బట్టలు ఆరేస్తోంది. ఇంటర్వ్యూకు కట్టుకోమని తల్లి ఇచ్చిన గద్వాల చీర తీగ మీద ఉంది. ఆరిన బట్టలు తీసుకోవడానికి మనోరమగారు పైకొచ్చారు.

"నీ డ్రెస్సు మీద గీ గుండ్రటి గుర్తేంది బిడ్డా?"

"గిన్నెల వేడినీళ్లు పోసి రుద్దిన ఆంటీ. ఇస్త్రీ అయితది."

"మంచిగనే అయింది," అని ఆవిడ చీర అంచు ఒకసారి తడిమి కిందికి పోయారు. సాయంత్రం మళ్లీ వచ్చి తలుపు కొట్టారు.

"నా ఇస్త్రీ పెట్టె ఖరాబైంది. నారాయణగూడ పోదాం పా."

"చదువుకోవాలె ఆంటీ. ఇంటర్వ్యూ ఉన్నది."

"పుస్తకం తెచ్చుకో. గోవర్ధన్ కొట్ల స్టూలు ఉంటది."

ఇంటి ఓనరు మాట కాదంటే ఏమొస్తుందోనని నవనీత చెప్పులేసుకుంది. గోవర్ధన్‌ది కరెంటు సామాన్ల కొట్టు. దూరం నుంచే ఆవిడ సంచీని గుర్తుపట్టి అతను నిట్టూర్చాడు. "అమ్మా, ఈసారి పంకా తీస్కోరాదు. పంకాకు పరీక్ష ఉండదు."

ఆవిడ వింటేగా. కౌంటరు మీద దుప్పటి పరిచి, బొంత ముక్కలు తీసి, పరీక్ష మొదలుపెట్టారు. మొదటి పెట్టె ఆవిరికి బదులు నీళ్లు చిమ్మింది. "ఇది ఉమ్ముతది. మర్యాద లేదు." రెండోది మరీ తేలిక. "దీనికి కుట్టు అణగదు, గుడ్డకు చక్కిలిగింత అయితది." మూడోదాన్ని, వేడి తిప్పే బిళ్ల మీది పట్టు గుర్తు దగ్గర పెట్టి, పాత గద్వాల చీర అంచుముక్క మీద రుద్దితే జరీ నల్లబడింది. "పట్టు అని రాసి మంట పెడుతున్నది. అబద్ధాలకోరు."

"బొంతల పట్టెందుకమ్మా?" అన్నాడు గోవర్ధన్.

"నా బొంత, నా ఇష్టం."

పెట్టె వేడెక్కే లోపు ఆవిడ ఊరికే కూర్చోరు, ఊరికే కూర్చోనివ్వరు. "ఏం సదువుతున్నవు బిడ్డా?"

"రెపో రేటు ఆంటీ."

"గదేందో గోవర్ధన్‌కు చెప్పు."

నవనీత పుస్తకంలోకి చూస్తూ గొణిగింది. "ఆయనకు వినవడలె. మొఖం చూసి గట్టిగ చెప్పు," అన్నారావిడ. గోవర్ధన్‌కు రెపో రేటుతో ఏం పనో నవనీతకు అర్థం కాలేదు. అయినా చెప్పింది. మర్నాడు సాయంత్రం ద్రవ్యోల్బణం చెప్పింది, ఆ మర్నాడు చెక్కులు చెప్పింది. చదువంతా ఈ కొట్లోనే తగలబడుతోందని లోపల తిట్టుకుంది కూడా.

చివరికి ఒక పెట్టె నెగ్గింది. గోవర్ధన్ దేవుడి పటానికి దండం పెట్టాడు. తీరా మర్నాడు మనోరమగారు ఆ పెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "దీంతోని నా కుట్టు అణగుత లేదు. బొంతకు పనికిరాదు. వాపస్ ఇస్తే గోవర్ధన్ ఏడుస్తడు. నీ గదిల పడేసుకో."

ఇన్ని సాయంత్రాలు మింగి, ఇదా చివరికి అని నవనీతకు ఒళ్లు మండింది. కానీ ఆ పెట్టెతోనే గద్వాల చీర ఇస్త్రీ చేసుకుంది. అంచు మీద చిన్న మచ్చ కూడా పడలేదు. ఇంటర్వ్యూలో రెపో రేటు అడిగారు. అడిగినాయన ముఖం చూసి, నారాయణగూడ కొట్లో చెప్పినట్టే గట్టిగా చెప్పింది.

ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మిఠాయి డబ్బాతో కిందికి దిగింది. మనోరమగారు బొంత ముందు కూర్చుని, నల్లటి పాత బరువు పెట్టెతో కుట్లు అణుస్తున్నారు.

"ఇది ఖరాబైందన్నరు గద ఆంటీ?"

"బాగైంది."

రాఘవేందర్‌గారు పేపరు దించారు. "మా పెండ్లప్పటి సంది అదే పెట్టె. ఒక్కనాడు ఖరాబు కాలె. నీకంటే ముందు ఆ గదిల స్వరూప అని ఉండె. ఇంటర్వ్యూకు పోయే పొద్దున ఏదో పెట్టెతోని చీర కాల్చుకొని మెట్ల మీద కూసొని ఏడ్సింది. అప్పటి సంది పైన కొత్త పిల్ల దిగితే చాలు, మా ఇంట్ల పెట్టె ఖరాబైతది."

"మీరు పేపరు సదువుకోండి," అన్నారు మనోరమగారు.

నవనీతకు గిన్నె గుర్తు, జరీ ముక్క, గోవర్ధన్ స్టూలు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కన్నతల్లి దగ్గరుంటే ఇంతకంటే ఏం చేసేదని గుండె నిండిపోయింది. "ఎట్ల చెప్పాలె ఆంటీ మీకు..." అంది.

"పనికిరాని పెట్టెకు గింత కథనా? మిఠాయి ఇటియ్యి."

నవనీత ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది. ఈలోగా పక్క గదిలోకి అనూహ్య అనే పిల్ల దిగింది. ఆ పిల్ల చున్నీ మీద గుండ్రటి గుర్తు చూసి నవనీత గబగబా కిందికొచ్చింది.

"ఆంటీ, మీ ఇస్త్రీ పెట్టె ఖరాబైనట్టుంది."

మనోరమగారు చేతిలోని వేడి పెట్టెను ఒకసారి చూశారు. "అవును బిడ్డా. పొద్దటి సంది మొండికేస్తున్నది," అని ప్లగ్గు పీకేశారు.

ఆ సాయంత్రం కొట్టు ముందు ముగ్గురాడవాళ్లను చూసి గోవర్ధన్ ఈసారి పంకా మాటెత్తలేదు. తనే ప్లగ్గు పెట్టి, స్టూలు తుడిచి అనూహ్య ముందుకు జరిపాడు.

"కూసో చెల్లె. ఏం సదువుతున్నవో జర గట్టిగ చెప్పు. నాకు వినవడదు."