తిట్లు నాకు, మెప్పు వాళ్ళకు

మా పక్కింటి చాచా పోయారు. శుక్రవారం పొద్దున నేను కందిపప్పు కడుగుతుంటే గోడ అవతలి నుంచి వాళ్ళ కోడలి ఏడుపు వినిపించింది. చేతులు తుడుచుకుని పోయేసరికి ఆయన మంచం మీదే ఉన్నారు. నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు. సాయంత్రం నమాజుకు ముందే జనాజా లేచింది.

సిద్దిపేట బజారులో ఆయన చాలా ఏళ్ళు బట్టల దుకాణంలో గుమాస్తాగా చేశారు. మానేశాక కూడా ఊరికే కూర్చోలేదు. పని కావాలని ఎవరొచ్చినా తెలిసిన దుకాణానికి తీసుకుపోయేవారు. నంగునూరు నుంచి వచ్చిన మా తమ్ముణ్ని హార్డ్‌వేర్ దుకాణంలో పెట్టించింది ఆయనే. ఫోన్ చేసి చెప్పి వదిలేసే అలవాటు ఆయనకు లేదు. మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని, స్వయంగా వెంట వెళ్ళి మధ్యాహ్నం దాకా అక్కడే స్టూలు మీద కూర్చునేవారు. లేచి వచ్చేముందు సేటుకు ఒకే మాట చెప్పేవారు.

"మంచిగ జేస్తే ఆనికే చెప్పుండ్రి, ఖుష్ అయితడు. తప్పు జేస్తే ఆన్ని అనకుండ్రి. నాకు చెప్పుండ్రి, నేను చూసుకుంట."

సేట్లు ఆ మాటను అక్షరాలా పాటించారు. చాచా ఫోన్ నిండా వాయిస్ మెసేజ్‌లే. "చాచా, నీ మనిషి ఇయ్యాల గూడ లేటు." "చాచా, మేకులు తక్కువ తూకమేసిండు జూడు." అవన్నీ విని, సాయంత్రం ఆ పిల్లవాడి దగ్గరికి పోయి, చాయ్ తాగిస్తూ నెమ్మదిగా చెప్పేవారు. మా తమ్ముడు నిలదొక్కుకున్నది ఆ చాయ్‌ల వల్లే.

కిందటేడు బజారులో కొన్ని దుకాణాలవాళ్ళు కలిసి ఒక ఏఐ తెచ్చుకున్నారు. ఎవరు ఎవరిని పరిచయం చేశారు, ఆ మనిషి ఎట్లా పనిచేశాడు అన్నది ఫోన్లలోని మెసేజ్‌లను బట్టి తెలుసుకుని, ఎవరి మాట మీద మనిషిని పెట్టుకోవచ్చో చెబుతుంది. అందరికంటే ముందు సంతోషంగా ఫోన్ ఇచ్చింది చాచానే. "రేపు నేను పోయినంక గూడ నా పరిచయాలు నలుగురికి పనికొస్తయి బిడ్డా" అన్నారు నాతో.

ఏఐ ఆయన ఫోన్‌లో వెతికితే తిట్లు తప్ప ఏమీ దొరకలేదు. బజారు మొత్తంలో నమ్మకూడని మనిషిగా ఆయనను అట్టడుగున పెట్టింది.

ఆ సంగతి చెప్పడానికి స్టీలు సామాన్ల దుకాణం యజమాని ఆయన ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"తప్పుగ అనుకోకు చాచా. నీ పేరు జెప్పి వచ్చినోళ్ళకు మార్కులు తగ్గుతున్నయి."

"నిన్ను పనిల పెట్టించింది గూడ నేనే గదరా! నీకెన్ని మార్కులచ్చినయి?"

అతను నవ్వాడు. "నాది అండ్ల లేదు చాచా. అప్పుడు గీ ఫోన్లు యాడివి?"

నేను మధ్యలో అందుకున్నాను. "తిట్లన్నీ ఆయనకు జెప్తిరి, మెప్పంతా పిల్లలకు జెప్తిరి. ఆయన ఫోన్ల తిట్లు గాక ఇంకేముంటయి?" అన్నాను.

"నువ్వన్నది నిజమే అక్కా. గని ఎవలికి జెప్పాలె? ఆ ఏఐల అది చెప్పేందుకు జాగ లేదు."

సేట్లతో నాలుగు మంచి మాటలు మెసేజ్ పెట్టించమని తరువాత చాచాకు నేను చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "మెచ్చుకొమ్మని అడుక్కుంటరా బిడ్డా?" అన్నారు.

ఆపైన ఊరు ఊరిలాగే ప్రవర్తించింది. ఎవరూ ఆయనను తిట్టలేదు. ఫోన్లు మాత్రం ఆగిపోయాయి. ఆయన వెళితే స్టూలు వేసేవాళ్ళు లేరు. పని వెతుక్కునే పిల్లలే ఆయనను బజారులో చూసి పక్క గల్లీలోకి మళ్ళేవారు. ఒకడు ఇంటికే వచ్చి, "చాచా, నేను మీకెరికని ఎవలకు చెప్పకుండ్రి" అని బతిమాలి పోయాడు. ఆయన సరేనన్నారు. తలుపు దాకా వచ్చి మరీ సాగనంపారు.

ఇంతలో వాళ్ళ ఇంటికే పని కావలసి వచ్చింది. ఆటో నడిపే కొడుకు నడుము విరిగి మంచాన పడ్డాడు. డిగ్రీ చదివిన మనవరాలి జీతం మీదే ఇల్లు గడవాలి. కొత్తగా వచ్చిన పెద్ద బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ ఉద్యోగం ఉంది. అక్కడ కూడా అదే ఏఐ. పరిచయం చేసేవారి పేరు, నంబరు ఇవ్వాలి.

చాచా మా గడపలో నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బిడ్డా, నీ పేరు ఇస్తవా? నా పేరుంటే పిల్ల ఆగమైతది."

ఇచ్చాను. ఎంతమందికో తన పేరు అరువిచ్చిన మనిషి సొంత మనవరాలి కోసం నా పేరు అడగవలసి వచ్చింది. పిల్లకు ఉద్యోగం వచ్చింది. ఆయన సంగతి అక్కడ ఎత్తవద్దని ఆమెతో ఒట్టు వేయించుకున్నారు.

ఆయన పోయిన పొద్దున పిల్ల షోరూమ్‌లో ఉంది. ఫోన్ చేసింది నేనే. మేనేజర్ ఎవరు పోయారని అడిగితే ఇక దాచలేక, పని పోతే పోయిందని తాత పేరు, ఊళ్ళో ఆయన చేసే పని, అన్నీ చెప్పేసిందట. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ మేనేజర్ ఒక్క నిమిషం ఆలోచించి, "నేనెప్పుడూ వినలేదమ్మా. తొందరగ పో" అన్నాడట. అక్కడ ఆయన ముఖం గుర్తుపట్టే మనిషే లేడు.

ఆ మాట వినగానే పిల్ల ఉద్యోగంలో చేరిన రోజు నాకు కళ్ళ ముందు మెదిలింది. కూరగాయలకు పోతుంటే చాచా కనిపించారు. షోరూమ్‌కు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, చెరుకురసం బండి పక్కన ఎండలో నిలబడి ఉన్నారు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. దగ్గరికి పోతే అత్తరు వాసన.

"లోపలికి పోతలేరా చాచా?"

"వద్దు బిడ్డా. ఎవలన్న నన్ను చూస్తే పిల్లకు నష్టం."

నేను సంచి నింపుకుని మధ్యాహ్నం తిరిగి వచ్చినప్పుడూ అక్కడే ఉన్నారు. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ సాచి లోపలికి చూస్తున్నారు. లోపలివాళ్ళెవరైనా ఇటు తిరిగితే చాలు, గబుక్కున ముఖం తిప్పుకుని, ఖాళీ గ్లాసును పెదవులకు ఆనించుకుని రసం తాగుతున్నట్టు నిలబడుతున్నారు.