మేస్త్రీ దారం, నా లావు అక్షరాలు

బొంబాయి కామాటిపురాలో నేను రాసిన ఇంగ్లీషు అక్షరాలు చూసి పహిల్వాన్లు సిగ్గుపడి కసరత్తు మానేసేవారు. అంత లావు. నిలువు గీతలు ఇనుప దూలాలంత, వాటిని కలిపే గీతలు దోమ మీసమంత. ప్రతి అక్షరానికీ కింద పాదాలు, పైన టోపీ అంచులాంటి కొసలు. ఎనభైల్లో, నాకు మీసం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఒక పాత అచ్చాఫీసులో పోస్టర్లకు వాడే కొయ్య అక్షరాలు చూశాను. వాటి మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, ఆ ముద్రలు ఇంటికి తెచ్చుకుని గోడ మీద దిద్దుకుని నేర్చుకున్నాను.

దర్జీ దుకాణానికీ అవే, బేకరీకీ అవే, బ్యాండు మేళానికీ అవే. కదిలే బస్సులోంచి కళ్లు మూసుకున్నా కనిపించేవి. చిన్నగా రాస్తే మాత్రం పనికిరావు. ఒక డాక్టరు తన డిగ్రీలన్నీ అదే రాతలో కావాలని పట్టుబట్టాడు. రాసిచ్చాను. సన్న గీతలు మాయమై, బోర్డు మీద గండుచీమలు కుప్పపడ్డట్టయింది. డాక్టరుకు భలే నచ్చింది. రాసింది ఎవరికీ అర్థం కాకపోవడం ఆయన వృత్తిలో మామూలే కదా.

మేముండే చాల్‌లో, అంటే వరస గదుల అద్దె మేడలో, మూడో అంతస్తున ఒక మేస్త్రీ ఉండేవాడు. వాళ్ల తాత పాలమూరు నుంచి గోడలు కట్టడానికి వచ్చినవాడు. బొంబాయిలో నిటారుగా ఉన్న గోడలన్నీ ఆ తాతే కట్టాడనీ, వంకరవి ఇంకెవరో కట్టారనీ ఈయన వాదన. జేబులో ఎప్పుడూ దారం ఉండ. గుమ్మంలో ముగ్గు వేస్తే దానికీ దారం పట్టేవాడు.

ఆయన కూతురిని నేను పెళ్లి చేసుకోవాలనుకున్నాను. ఆమెకూ ఇష్టమే. ధైర్యం మూటగట్టుకుని అడగడానికి వెళ్లాను.

"ఏం పని చేస్తవ్?" అన్నాడు, తెలియనట్టు.

"బోర్డులు రాస్త మామా."

"అంటె మేము గోడ కడ్తె, నువ్వు ఖరాబ్ చేస్తవన్నట్టు." బీడీ ఆర్పాడు. "గల్లీ మూలకు కమాను కట్టిన. గణపతి పండుగకు దాని మీద వెల్‌కమ్ అని రాయి. దారం పట్టి చూస్త. సక్కగుంటె పిల్లనిస్త. వంకరుంటె సామాను సదురుకొని వర్లికి పో. ఆడ నాకు చుట్టాలు లేరు."

తెలుగులో రాస్తే మరాఠీవాళ్లకు కోపం, మరాఠీలో రాస్తే మనవాళ్లకు. ఇంగ్లీషైతే ఇద్దరికీ సమానంగా రాదు కాబట్టి గల్లీ అంతా ఒప్పుకుంది.

వెదురు కర్రల పరంజా మీద నాలుగు రోజులు ఆకాశంలోనే కాపురమున్నాను. కమాను నెత్తిన తెల్ల గోడ మీద నిలువెత్తు ఎర్ర అక్షరాలు. అందులో సీ, ఓ గుండ్రటివి. గుండ్రటివాటిని తోటి అక్షరాలకన్నా పైనా కిందా కాస్త పెంచాలి. పాదాలున్న అక్షరం గీత మీద స్థిరంగా కూర్చుంటుంది; గుండ్రటిది ఒక్క చోటే తాకుతుంది కాబట్టి, కొలతకు సరిగ్గా రాస్తే చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. ఈ రహస్యం నాకు ఆ కొయ్య అక్షరాలే నేర్పాయి.

అయిదో రోజు మేస్త్రీ తన పనివాళ్లందరినీ వెంటేసుకుని వచ్చాడు. పరంజా ఎక్కి, ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి పట్టారు. మొదటి మూడు అక్షరాలకు తల ఊపాడు. తరవాత ఆగాడు.

"ఇగో! ఈ రెండు బైటికొచ్చినయ్. కింద మూడు సూత్‌లు, పైన మూడు సూత్‌లు!" సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆయన అరుపు మాత్రం ఆరు మైళ్లు వినిపించింది.

"అది కావాల్ననే పెంచిన మామా. అక్షరాలల్ల గుండ్రంగున్నదానికి..."

"కావాల్నని వంకర చేసినవా? అంటె తప్పు డబుల్!"

"రెండూ తాగొచ్చినట్టున్నయ్ మేస్త్రీ," అన్నాడొక పనివాడు. అందరూ నవ్వారు.

పెళ్లి కోసం మనుషులు మీసాలు తీసేస్తారు. నేను అక్షరాల పొట్టలు కోశాను. తెల్ల రంగు పూసి, సీని, ఓని దారానికి సరిగ్గా కుదించాను. మేస్త్రీ మళ్లీ దారం పట్టి, "ఇప్పుడు సక్కగయింది," అన్నాడు. నేను కుంచె కడిగేశాను.

అంతలో మూడో అంతస్తు గ్యాలరీలోంచి ఆయన కూతురు గట్టిగా పిలిచింది.

"నాయినా! గా రెండు అక్షరాలు జరమొచ్చినట్టు ఎండిపోయినయేంది? నిన్న మంచిగుండె గద!"

"దారం మీదనే ఉన్నయ్ బిడ్డా."

"వచ్చెటోళ్లు దారం పట్టుకొని వస్తరా? రోడ్డు అవతలికి పోయి చూడు!"

ఈ పిల్లకు నన్ను చేసుకోవాలని ఉందా, లేక అక్షరాలనా అని నాకు అనుమానం వచ్చింది. మేస్త్రీ రోడ్డు దాటాడు. నడిరోడ్డు మీద ఆగి వెనక్కి చూశాడు, అవతలి గట్టున నిలబడి చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు. నా లెక్కన అప్పుడు ట్రాఫిక్ నాగ్‌పాడా దాకా ఆగిపోయింది.

తిరిగొచ్చి నా మొహం చూడలేదు. పనివాళ్లను అడిగాడు.

"స్లాబుకు చెక్కలు కొట్టెటప్పుడు నడుమ ఏం చేస్తం రా?"

"జర పైకి లేపుతం మేస్త్రీ."

"ఎందుకు?"

"లేకుంటె కింద నిలవడి చూస్తె కడుపు జారినట్టు కనవడ్తది."

అప్పుడు నా వైపు తిరిగాడు. "గీ ముచ్చట ముందుగాలనే చెప్పొద్దా?"

"చెప్పబోయిన గద మామా."

"నువ్వు అక్షరాల ముచ్చట చెప్పినవ్. నాకు స్లాబు ముచ్చట చెప్పాలె. ఎక్కు! మూడు సూత్‌లు మళ్ల పెంచు."

నేను ఎక్కుతుంటే పరంజా కర్ర కదలకుండా ఆయనే పట్టుకున్నాడు. "జర పదిలం," అన్నాడు కిందినుంచి. "నువ్వు పడితె పెండ్లి పత్రిక ఎవలు రాస్తరు?"

ఆ పత్రికలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లే కాదు, ముహూర్తం, చుట్టాల వరసలు, చాల్ గది నంబరు కూడా లావు అక్షరాల్లోనే ఉండాలని పట్టుబట్టాడు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. అంత చిన్న కార్డు మీద ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అయినా వర్లి నుంచి కూడా జనం వచ్చారు.