జున్ను బిడ్డను ఉతికిన పాపం

నా జీవితంలో తెలివితక్కువ పనులకు కొదవలేదు గానీ, తల్చుకుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేది మాత్రం ఒక్కటే. చదివాక మీరు నన్ను తిట్టుకున్నా నాకేం కోపం లేదు. తిట్టాల్సిన ప్రాణి మూడు రోజుల పాటు కళ్లతోనే తిట్టేసింది, దాని ముందు మీ తిట్లు ఏపాటి?

ఆ ప్రాణి పేరు జున్ను. కూరల సంచిలో పట్టేంత కుక్క, రంగు కూడా పేరుకు తగ్గట్టే ఉండేది. తాడేపల్లిగూడెంలో మా ఇంటి గేటు చప్పుడైతే చాలు, నేను చెప్పులు విప్పేలోపే వచ్చి నా పాదాల మీద పడుకునేది. నన్ను చూసి అంత సంతోషపడే జీవి భూమ్మీద ఇంకొకటి లేదు, మా ఆయనతో సహా.

దానికి రెండేళ్లు నిండాక, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం. అందులో తప్పేం లేదని ఇప్పటికీ అంటాను. తప్పంతా నా నోటిది.

ఏలూరులో ఒక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నాకంటే ముందు దెందులూరు వైపు రైతు ఒకాయన కూర్చుని, “మా గేదె ఎదకొచ్చి మూడు వారాలైందండీ, చూడి కట్టడానికి వేయించిన సూది నిలబడినట్టు లేదండీ” అని గదంతా వినపడేలా చెబుతున్నాడు. నాకు కూర్చున్న చోటే చెమటలు పట్టాయి. మా వంతు వచ్చింది. ఆ రైతు లేవలేదు, మందుచీటీ కోసం అక్కడే ఉన్నాడు.

“దీనికి ఎదకొచ్చి ఎన్నాళ్లయిందండీ?” అన్నాడు ఆ కుర్ర డాక్టరు.

“మా జున్ను అలాంటిది కాదండీ” అన్నాను.

డాక్టరు పెన్ను ఆపాడు. “అంటేనండీ?”

“చాలా పద్ధతిగా పెంచామండీ.”

రైతు నన్నోసారి, జున్నునోసారి చూశాడు. తన గేదె పెంపకంలో లోపం ఎక్కడ జరిగిందా అని ఆలోచించి ఉంటాడు పాపం.

“ఈ మధ్య రాలేదని రాసుకోమంటారా?”

“రాసుకోండి.”

అసలు సంగతి మీకు చెబుతాను, ఆ రైతుకి మాత్రం చెప్పకండి. అప్పటికి సరిగ్గా రెండు నెలల కిందట మా గేటు ముందు వీధికుక్కలన్నీ రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వరసగా నిలబడ్డాయి. వాటిని తరమలేక మా ఆయన చేతికర్ర విరిగింది. అదంతా తెలిసి అబద్ధమాడిన ఈ మహాతల్లి బడిలో ఏం చెబుతుందంటే, ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం. కౌమార దశ పాఠం వచ్చినప్పుడు బోర్డు వైపు తిరిగి చెప్పి ముగించేస్తుంది, అది వేరే విషయం.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు నాకనివ్వొద్దని, స్నానం వద్దని, మామూలు తిండి పెట్టమని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. నేను ఆ కాగితం సంచిలో పడేసి, కలిదిండిలో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. మా వైపు సగం ఊరి పిల్లలకు నీళ్లు పోసిన చెయ్యి ఆవిడది.

“కడుపు కోశారా?” అంది పెద్దమ్మ.

“కోశారు పెద్దమ్మా.”

“అయితే పెద్దాపరేషనే కదా. కడుపు కోసింది ఎవరికైనా బాలింతరాలి పథ్యమేనే. నడికట్టు కట్టు, పొట్టకి కాపడం పెట్టు. సొరచేప ఉడికించి సొరపిట్టు చేసి పెట్టు.”

“కుక్కకి కూడానా?”

“కుక్కకి పొట్ట లేదా ఏంటే?”

ఈ వాదనలో లోపం ఎక్కడుందో జీవశాస్త్రం టీచరుకు తట్టలేదు. పాత పంచె చింపి నడికట్టు కట్టాను. పూటకోసారి వేడినీళ్ల సంచితో కాపడం. గదికి తెరలు, సాంబ్రాణి ధూపం. పెద్దమ్మ వాళ్ల ఊరి చేపల చెరువుల దగ్గర్నుంచి కొరమీను కూడా పంపింది. సొరపిట్టు బాలింతలకు పాలు పడటానికి పెడతారన్న ముక్క నాకు తెలుసు. అయినా పెట్టాను.

ఐదో రోజు పొద్దున జున్నుకి పాలు పడ్డాయి.

అంతటితో ఆగలేదు. మా ఆయన చలికాలం పెట్టుకునే గోధుమరంగు మంకీ క్యాప్ ఒకటుంది. దాన్ని నోట కరుచుకుని మంచం కిందికి తీసుకెళ్లి, పొట్ట దగ్గర పెట్టుకుని నాకుతూ కూర్చుంది. నేను వంగి చూస్తే గుర్రుమంది. నా పాదాల మీద పడుకునే జున్ను, నా పాదాల చప్పుడుకే పళ్లు చూపించింది. నవ్వులాటకి కాదు, ఆ రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇది ఇక నా దగ్గరికి రాదేమోనన్న భయం పట్టుకుంది.

భయానికి కోపం తోడైంది. కుక్కనీ టోపీనీ బుట్టలో పెట్టుకుని ఏలూరు బస్సెక్కాను. మా గోదావరి వాళ్లం పోట్లాడినా అండీ తగిలించే పోట్లాడతాం.

“ఏవండీ డాక్టరుగారూ, మీరు ఆపరేషన్ చేశారా, చేశానని చెప్పారాండీ?”

“చేశానండీ. కుట్లు కనపడుతున్నాయి కదండీ.”

“మరి పాలెలా వచ్చాయండీ?”

అతను జున్నుని బల్ల మీద పెట్టి చూశాడు. “ఇదేంటండీ?”

“నడికట్టండీ.”

“ఎవరికండీ?”

నేను చెప్పాల్సిన పని లేకపోయింది, సొరపిట్టు వాసన అన్నీ చెప్పేసింది.

“ఏమీ అనుకోకండి, మళ్లీ అడుగుతున్నాను. నిజంగా ఈ మధ్య ఎదకి రాలేదాండీ?”

“రెండు నెలలైందండీ” అని గోడ మీదున్న గేదె బొమ్మకు చెప్పాను.

“అందుకే అడిగానండీ. ఎదకొచ్చిన రెండు నెలలకే కుక్కలు ఈనే సమయం, అప్పుడు ఆపరేషన్ చేస్తే కొన్నిటికి ఈనినట్టే అనిపిస్తుంది. చెప్పుంటే ఇంకో నెల రెండు నెలలు ఆగేవాళ్లం. పైగా మీరు కాపడాలు పెట్టి దాని అనుమానం కాస్తా తీర్చేశారు. మీరేం చదువుకున్నారండీ?”

“జీవశాస్త్రమండీ.”

అతను ఇంకేమీ అడగలేదు. పెద్దమనిషి. కాపడాలు ఆపమన్నాడు, పొట్ట ముట్టుకోవద్దన్నాడు. “రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుందండీ. ఆ టోపీ జోలికి మాత్రం వెళ్లకండి. అదే వదిలేస్తుంది.”

ఇక్కడితో ఆగి ఉంటే నాకిన్నేళ్ల దిగులు ఉండేది కాదు. కానీ టోపీ పాలకంపు కొడుతోంది. మా ఆయన “ఉండనీవే, నాకేం తొందర” అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అయినా నా చేతులు ఊరుకోలేదు. పదో రోజు జున్ను పెరట్లోకి వెళ్లినప్పుడు టోపీ తీసి, సబ్బుపొడిలో నానబెట్టి, రెండుసార్లు జాడించి, మేడ మీద ఆరేశాను. ఆ పూటంతా జున్నుని వరండాలోనే మరిపించి, సాయంత్రానికి టోపీ మడతపెట్టి మళ్లీ మంచం కిందే పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

జున్ను వచ్చింది. టోపీని వాసన చూసింది. పక్కకి నెట్టి మళ్లీ చూసింది. ఆ తర్వాత ఇల్లంతా వెతకడం మొదలుపెట్టింది. గ్యాస్ బండ వెనక, బియ్యం డబ్బా పక్కన, చెప్పుల స్టాండు కింద. వెతికిన చోటే మళ్లీ వెతికింది. మధ్యలో నా ముందుకొచ్చి నిలబడి చిన్నగా కుయ్‌మనేది. గుర్రుమనలేదు. గుర్రుమన్నా బాగుండేది.

“ఇదిగోనమ్మా, ఇదే” అని టోపీ చూపించాను. మా ఆయన దాన్ని రెండు రోజులు నెత్తిన పెట్టుకుని తిరిగి వాసన పట్టించాడు, పాపం, మిట్టమధ్యాహ్నం కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. దాని బిడ్డ వాసన సబ్బునీళ్లతో కాలవలో కలిసిపోయింది.

మూడో రోజు సాయంత్రం అది వెతకడం మానేసింది. నేను నేల మీద కూర్చుని ఉన్నాను. నెమ్మదిగా వచ్చి నా పాదాల మీద పడుకుంది. క్షమించిందో, అలిసిపోయిందో నాకు తెలీదు. నేను మాత్రం చాలాసేపు కాళ్లు కదపలేదు.

ఆ మరుసటి చలికాలం మంచు మొదలయ్యాక మా ఆయన బీరువా తీసి, “నా టోపీ ఇక్కడే ఉంది కదా, పెట్టుకుంటాను” అన్నాడు.

“అది టోపీ కాదండీ” అన్నాను.

ఆయన నా మొహం చూసి, బీరువా మూసేసి, బజారుకెళ్లి కొత్తది కొనుక్కున్నాడు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై పశువుల డాక్టరు ఏమడిగినా, పక్కన ఎందరు రైతులున్నా, గేదె కంటే గట్టిగా నిజం చెబుతాను. ఎవరి బిడ్డనీ తల్లిని అడక్కుండా ఉతకను.